ఒక నిషివాకి అంటే పది చావులు

ఆ మంగళవారం మధ్యాహ్నం భోజనం వేళకు నిషివాకి తాకెహికో గోడకు పదహారు వందల నలభై సార్లు గుద్దుకున్నాడు. అది అతని ఉద్యోగం. స్క్రీన్ మీద గోరంత పిల్ల ఉంటుంది. నెత్తిన కొయ్య బకెట్టు బోర్లించుకుని ఇటుక గోడను ఢీకొంటుంది. ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిపి మళ్లీ ఢీకొట్టించాలి. నడుస్తూ, పరిగెత్తుతూ, దూకుతూ, వంగి, వెనక్కి తిరిగి. గోడలో ఎక్కడైనా కనబడని కన్నం ఉండి పిల్ల అందులోంచి జారిపోతే కాగితం మీద రాయాలి. ఆ రోజు రెండుసార్లు జారింది. రెండూ రాశాడు.

ఒసాకాలో తెంజిన్‌బాషి బజారు వెనక సందులో, ఊరగాయల కొట్టు మీది గది వాళ్ల ఆఫీసు. మెట్లెక్కేసరికి బట్టలకు ముల్లంగి వాసన పట్టేది. గదిలో మూడు బల్లలు, ముగ్గురు మనుషులు. ప్రోగ్రామ్ రాసే కుజె నోరియుకికి ముప్పై ఆరేళ్లు, పేరుకు యజమాని. బొమ్మలూ స్టేజీలూ గీసే ఒరిత మినాకోకు ముప్పై మూడు. యాభై నాలుగేళ్ల నిషివాకి వాళ్లు చేసింది ఆడి, ఎక్కడ తప్పుందో చెబుతాడు.

వాళ్లు చేస్తున్న గేమ్ పేరు ‘పొగగొట్టం పిల్ల’. కొత్తదే, కాని నలభై ఏళ్ల కిందటి దానిలా ఉండాలని పట్టుబట్టి చేస్తున్నారు. లెక్కబెట్టగలిగినన్ని చుక్కలతో బొమ్మలు, బీప్ బీప్ మనే సంగీతం, రెండే బటన్లు. ఒకటి పరుగుకు, ఒకటి దూకుడుకు. ఒక సాయంత్రం ఊళ్లోని ముప్పై రెండు స్నానశాలల పొయ్యిలూ ఒకేసారి ఆరిపోతాయి. స్నానశాల నడిపేవాడి కూతురు ఇళ్ల కప్పుల మీంచి, బట్టలారేసిన వెదురుగడల మీంచి, కాకుల్ని తప్పించుకుంటూ దూకి వెళ్లి ఒక్కొక్కటీ వెలిగించాలి. ముప్పై రెండు పొయ్యిలు, ముప్పై రెండు స్టేజీలు. కప్పుకీ కప్పుకీ మధ్య సందులో పడితే చావే. మళ్లీ మొదటినుంచి.

ఇలాంటి గేమ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని కష్టం ఎంతుండాలో తేల్చడం. సులువైతే ఆడేవాడు ఆవలిస్తాడు, మరీ కష్టమైతే తిట్టి కట్టేస్తాడు. దానికి కుజె ఒక కొలబద్ద పెట్టాడు. ఒరిత కొత్త స్టేజీ గీయగానే నిషివాకి దాన్ని ఆడతాడు. మొదటిసారి దాటేలోపు ఎన్నిసార్లు చచ్చాడో గోడకు అంటించిన కాగితం మీద వేస్తారు. పది చావులు ఒక నిషివాకి. మొదటి స్టేజీ సున్నా. పదహారోది ఒకటిన్నర. చివరిది మూడు నిషివాకీలు ఉండాలని నిర్ణయం.

‘‘ఆయన ముప్పైసార్లు చచ్చి దాటితే మామూలువాడు మూడువందల సార్లు చచ్చి దాటతాడు. ఏడుస్తాడు. కాని దాటతాడు’’ అనేది కుజె లెక్క.

ఒరిత మధ్యాహ్నాలు పెన్సిలు చెక్కుకుంటూ అనేది: ‘‘బాబాయ్, ఇవాళ నిన్ను రెండు నిషివాకీలు చంపబోతున్నా.’’

‘‘చంపు. ముందు భోజనం చెయ్యనీ.’’

‘‘కడుపు నిండితే నీకు నిద్రొస్తుంది. చావుల్లో నిద్రవీ కలుస్తాయి. లెక్క చెడిపోద్ది.’’

‘‘నా లెక్క చెడదు’’ అనేవాడు నిషివాకి. అది గొప్ప కాదు. మొదటి పదహారు స్టేజీల్లో నిజంగానే చెడలేదు.

పద్దెనిమిదేళ్ల వయసులో అతను ఈ పనిలో పడ్డాడు. అప్పట్లో పెద్ద కంపెనీల గేములు బయటికి రాకముందు ఆడి తప్పులు పట్టే చిన్న చిన్న కూలి సంస్థలు ఉండేవి. అలాంటి ఒకదాని నేలమాళిగలో ఇరవై మంది కుర్రాళ్లు, ఇరవై టీవీలు, కిటికీ లేదు. మూరో అనే మేస్త్రీ వెనక తిరుగుతుండేవాడు. ఆ రోజుల్లో గేమ్ ప్లాస్టిక్ డబ్బాలో బిగించి అమ్మేవారు, అమ్మాక దిద్దడానికి వీల్లేదు. అందుకని మూరో దగ్గర ఒక కట్టడి ఉండేది. కాగితం మీద ‘చెయ్యి జారింది’ అని ఎవడూ రాయకూడదు. రాసినవాడు ఆ సాయంత్రమే ఇంటికి.

‘‘నీ చెయ్యి జారితే డబ్బులు పెట్టి కొన్నవాడి చెయ్యీ జారుతుంది. తప్పు చేతిది కాదు, గుంటది. గుంట సంగతి రాయి’’ అనేవాడు మూరో.

మంచి కట్టడే. దానివల్ల ఎన్నో గేములు బాగుపడ్డాయి. నిషివాకికి అది చొక్కా బొత్తాం పెట్టుకున్నంత అలవాటైపోయింది. తర్వాత ఆ సంస్థ మూతపడింది. పదహారేళ్లు ఒక ఆటల హాలులో మిషన్లు తుడిచి, చిల్లర మార్చి ఇచ్చాడు. అదీ మూసేసి మందుల దుకాణం పెట్టారు. హాలు ఆఖరి రోజున, మిగిలిన ఒక్క మిషన్ మీద అతను ఒకే నాణెంతో గేమ్ మొత్తం ముగించడం కుజె చూశాడు. తువ్వాలుతో మిషన్ తుడిచి వెళ్లబోతుంటే ఆపి అడిగాడు.

‘‘రేపటినుంచి ఏం చేస్తారు?’’

‘‘ఇంట్లో మా అక్క అదే అడుగుతోంది.’’

‘‘నా దగ్గర ఆడతారా? జీతం తక్కువ.’’

‘‘వీడు యజమానేనా అని మా అక్క అడుగుతుంది. కార్డు ఏదైనా ఉంటే ఇవ్వండి’’ అన్నాడు నిషివాకి.

అలా ఊరగాయల కొట్టు మీదికొచ్చాడు. మొదటి రెండేళ్లు అతని జీవితంలో మంచివి. ఆ మాట అతనే అన్నాడు, అడగ్గా.

మూడో ఏడు అక్టోబరులో పదిహేడో స్టేజీ వచ్చింది. ఒరిత రెండు కప్పుల మధ్య ఆరు గడుల సందు పెట్టింది. పరుగు తీసి అంచుమీద దూకితే సరిగ్గా అందే దూరం. ఒకటిన్నర రావలసింది నాలుగు నిషివాకీలు వచ్చింది. నలభై చావులు.

నిషివాకి కాగితం మీద రాశాడు: ‘అంచుమీద బటన్ నొక్కినా పిల్ల ఆలస్యంగా ఎగురుతోంది. మూడు ఫ్రేములు.’ స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది. ఒక్కో మార్పూ ఒక ఫ్రేమ్. మూడు ఫ్రేములంటే సెకనులో ఇరవయ్యో వంతు. ఆ తేడా పట్టగలిగిన మనిషి కనకే అతని మాట వేదం.

కుజె మూడు వారాలు ఆ ఆలస్యాన్ని వెతికాడు. నొక్కిన ప్రతి నొక్కుడూ ఏ ఫ్రేములో పడిందో కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. ఆ లాగ్ తీసి చూశాడు. బటన్ ఆలస్యంగా పడినట్టే ఉంది. నిషివాకి సమయానికే నొక్కానన్నాడు. రెంటిలో దేన్ని నమ్మాలన్న ప్రశ్న కుజెకు రానేలేదు. తీగ మార్చాడు. స్క్రీన్ మార్చాడు. మూడు కొత్త కంట్రోలర్లు కొన్నాడు. చివరికి విసిగిపోయి, పిల్ల అంచు దాటి గాల్లో అడుగేశాక కూడా మూడు ఫ్రేముల దాకా దూకనిచ్చే వెసులుబాటు పెట్టాడు. అప్పుడు చావులు పద్దెనిమిదికి దిగాయి. ఒరిత సందును ఐదు గడులకు కుదించింది. పదిహేను. కాగితం మీద ఒకటిన్నర అని వేశారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పద్దెనిమిదో స్టేజీలోనూ అదే వరస. ఇరవయ్యోదానికి వచ్చేసరికి వెసులుబాటు ఆరు ఫ్రేములైంది, సందులు నాలుగు గడులయ్యాయి. కొలబద్ద తానే కురచవుతోందని గదిలో ఎవరికీ తట్టలేదు. దాన్ని కొలిచే ఇంకో కొలబద్ద లేదు.

గుర్తులు లేకపోలేదు. నిషివాకి తప్పుల కాగితాలు చేత్తోనే రాస్తాడు. ఒరిత ఒకరోజు ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

‘‘బాబాయ్, ఇది రాతా, చీమలు పోయిన దారా? కాగితం పొదుపు చేస్తే కుజె నీకు బోనస్ ఇస్తానన్నాడా?’’

‘‘నీ కళ్లకు అద్దాలు కావాలి.’’

‘‘వరస మొదట్లో అక్షరాలు బానే ఉన్నాయి. పోనుపోను నలుసులైపోతున్నాయి. నీకు మాటల మీద నమ్మకం తగ్గుతోంది కాబోలు.’’

ఇంట్లో అక్క సుమియె ముందు చూసింది. ఆవిడకు అరవై, కింద మంగలి దుకాణం నడుపుతుంది, పై గదిలో తమ్ముడు. గడ్డాలు గీసి గీసి చేతుల సంగతి ఆవిడకు బాగా తెలుసు. ఒకరోజు భోజనాల దగ్గర అతని చేతిలోంచి చాప్‌స్టిక్ జారి సూప్‌లో పడింది.

‘‘ఒరేయ్ తాకె, ఈ వారంలో ఇది నాలుగోది.’’

‘‘కొత్తవి. జారుతున్నాయి.’’

‘‘అవి అమ్మ కొన్నవిరా. నడిచేటప్పుడు నీ కుడిచెయ్యి ఊగడంలేదు. మొన్న బజార్లో వెనకనుంచి చూశా. సంచి మోస్తున్నావనుకున్నా. సంచీ లేదు.’’

‘‘నా వెనక నడవడమెందుకు?’’

‘‘నువ్వు మెల్లిగా నడుస్తున్నావు, నేను మోకాళ్ల నొప్పులదాన్ని. అయినా అందుకున్నా. అదే చెబుతున్నా.’’

ఏడు నెలలు వాదించి మే పద్నాలుగున ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టరు చిన్న వయసు మనిషి. బొటనవేలినీ చూపుడువేలినీ వీలైనంత వెడల్పుగా, వీలైనంత వేగంగా తాటించమంది. నిషివాకి ఎడమచేత్తో తాటించాడు. బాగానే ఉంది. కుడిచేత్తో మొదటి ఐదారు బాగా పడ్డాయి. తర్వాత వేళ్ల మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది, నీళ్లయిపోతున్న కుళాయిలా. పదిహేనోసారికి వేళ్లు రెండూ అంటుకుని ఉండిపోయాయి. విడదీయాలనుకున్నాడు. కాసేపటికి విడిపోయాయి. ఇరవై ఏళ్ల వయసులో ఆ బొటనవేలు సెకనుకు పద్నాలుగుసార్లు నొక్కేది.

‘‘ఏం చేస్తారు మీరు?’’

‘‘గేములు ఆడతాను.’’

‘‘ఉద్యోగం అడిగానండీ.’’

‘‘అదే చెబుతున్నాను.’’

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుని పార్కిన్సన్స్ అంది. మాత్రలిస్తాను, నిదానిస్తుంది, వెనక్కి మాత్రం పోదు అంది. ఎప్పుడు మొదలై ఉంటుందని అడిగాడు. ఏడాది పైనే కావచ్చు అంది. అతను మనసులో స్టేజీలు లెక్కబెట్టుకున్నాడు. పదిహేడు దగ్గర ఆగాడు.

నవంబరులో గేమ్ విడుదల. ఇంకా ఐదు స్టేజీలు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు నోరు విప్పితే పదిహేడునుంచి అన్నీ మళ్లీ కొలవాలి. కొలిచే చెయ్యి మాత్రం అతనిది కాదు. ఆ గదిలో అతనికున్న పని అదొక్కటే. గోడలకు గుద్దుకోవడం ఎవరైనా చేస్తారు.

అయినా చెబుదామనే అనుకున్నాడు. జూన్ మొదటి వారంలో, సందు చివర ఊదోన్ నూడుల్స్ కొట్టులో, నిలబడి తినే బల్ల దగ్గర. ఒరిత ఆ రోజు నూడుల్స్ ముందు పెట్టుకుని తినకుండా కెలుకుతోంది.

‘‘బాబాయ్, నిజం చెప్పు. తప్పు నాదేనా?’’

‘‘ఏది?’’

‘‘పదహారు దాకా నేను గీసింది గీసినట్టు నిలబడింది. పదిహేడునుంచి ప్రతిదీ కుదించాల్సొస్తోంది. ఆరు గడులు గీస్తున్నా, ఆరే సరైందనిపిస్తోంది. నువ్వు ఆడితే చావు మీద చావు. నా కంటికి దూరం తెలియడం పోయిందా?’’

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. నిషివాకి గిన్నెలోని వేయించిన తోఫును రెండు ముక్కలు చేయబోయాడు. కుడిచెయ్యి సహకరించలేదు. గిన్నె ఎత్తి సూప్ తాగాడు.

‘‘కొంచెం తగ్గించి గీయి’’ అన్నాడు. ‘‘అందరికీ అవుతుంది అలా. కొన్నాళ్లు కన్ను తప్పుతుంది.’’

‘‘అంతేనంటావా?’’

‘‘అంతే.’’

ఆమె నిదానంగా తల ఊపి, నూడుల్స్ అంతా తినేసింది. మర్నాటినుంచి నాలుగు గడుల సందులే గీయడం మొదలుపెట్టింది, మొదటి గీతలోనే. ముప్పై రెండో స్టేజీ సరిగ్గా మూడు నిషివాకీలు వచ్చింది. కుజె కిందికెళ్లి ఊరగాయల కొట్టు ఆవిడనుంచి వంకాయ ఊరగాయ పొట్లం పట్టుకొచ్చాడు. ముగ్గురూ నిలబడి చేతుల్లో పెట్టుకుని తిన్నారు.

నవంబరులో గేమ్ బయటికొచ్చింది. మొదటి రెండు రోజులు మెచ్చుకోళ్లు. మూడో రోజునుంచి చివరిదాకా ఆడినవాళ్లు రాయడం మొదలుపెట్టారు. ఒరిత వాటిని గొంతులో ఏ భావమూ లేకుండా పైకి చదివింది.

‘‘మొదటి సగం కత్తి. రెండో సగం వెన్న కోసే కత్తి.’’

‘‘చాలు, ఆపు’’ అన్నాడు కుజె.

‘‘ఇంకోటి విను. పదిహేడునుంచి మా అమ్మమ్మకు ఇచ్చాను. ఆవిడ టీ తాగుతూ ముగించింది.’’

‘‘అమ్మమ్మ గట్టిదై ఉంటుంది.’’

‘‘ఇది చూడు. స్టేజీలు గీసినవాళ్లకు మధ్యలో ధైర్యం చచ్చినట్టుంది. ఆటగాణ్ణి నమ్మడం మానేశారు.’’ దాన్ని రెండోసారి చదివింది. నిషివాకి గోడ దగ్గర కంట్రోలర్ తీగ చుడుతున్నాడు. చుట్టడం పూర్తయ్యాక విప్పి మళ్లీ చుట్టాడు.

డిసెంబరు మొదట్లో ఒరిత తన నిర్ణయం చెప్పింది. హిగాషి ఒసాకాలో వాళ్ల అన్నకు అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. పెట్టెలు ఎక్కడ మడవాలో, ఎక్కడ కోయాలో గీసే మనిషి కావాలట. వస్తానని మాటిచ్చేసింది.

‘‘పెట్టెలా?’’ అన్నాడు కుజె.

‘‘కొలత తప్పితే మూత పడదు. అక్కడికక్కడే తెలిసిపోద్ది. ఏడాది పొడుగునా మోసపోయే పని లేదు.’’

‘‘నిన్నెవరు మోసం చేశారు?’’

‘‘నా కళ్లే’’ అంది ఒరిత. ‘‘ఇంక నేను గీయను కుజె. పెన్సిల్ పట్టుకుంటే ఎన్ని గడులు పెట్టాలో తెలియడంలేదు. మూడు పెట్టినా ఎక్కువేమో అనిపిస్తోంది.’’

ఆ రాత్రి నిషివాకి పెందరాళే పడుకున్నాడని సుమియె చెప్పింది. పొద్దున ఏడింటికే బయల్దేరాడు. ఎందుకంత పెందలాడే అంటే ఒక కాగితం రాయాలన్నాడు. ఆ ఒక్క కాగితానికి నలభై నిమిషాలు పట్టింది. తప్పుల కాగితాల్లో అది రెండువేల మూడువందల పదిహేడోది. ఎప్పటిలాగే గళ్లు నింపి కుజె బల్లమీది పళ్లెంలో పెట్టాడు.

స్థలం: పదిహేడో స్టేజీ నుంచి ముప్పై రెండు వరకు. లక్షణం: దూకడంలో ఆలస్యం. కారణం: ఆడేవాడి కుడి బొటనవేలు. మళ్లీ జరుగుతుందా: ప్రతిసారీ. తెలిసిన తేదీ: మే 14. కింద ఖాళీలో, దాదాపు చదవడానికి వీల్లేనంత చిన్నగా: ఒరిత మొదట గీసిన కొలతలు సరైనవి.

కుజె చదివి కిందికెళ్లాడు. మూడు డబ్బాల కాఫీ కొనుక్కొచ్చి, మూడూ తన బల్లమీదే పెట్టుకుని కూర్చున్నాడు. ఒరిత తొమ్మిదింబావుకు వచ్చింది. కోటు విప్పకుండా కాగితం చదివింది.

‘‘మే పద్నాలుగు’’ అంది.

‘‘అవును.’’

‘‘ఊదోన్ కొట్టులో నేను అడిగింది జూన్‌లో.’’

‘‘అవును.’’

‘‘నీకు తెలుసు అప్పటికి.’’

‘‘తెలుసు.’’

‘‘ఒరిత...’’ అన్నాడు కుజె.

‘‘నువ్వుండు.’’ ఆమె నిషివాకి వైపే చూస్తోంది. ‘‘చెయ్యి పోతోందని చెబితే నేనేమంటాననుకున్నావు? పొమ్మంటాననుకున్నావా?’’

‘‘మీరిద్దరూ అనరు. కాని నేను ఇక్కడ ఎందుకుండాలో నాకే తెలిసేది కాదు.’’

‘‘అందుకని నా కళ్లు పోయాయని చెప్పావు.’’

ఆమె కాగితాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టి, వచ్చిన మెట్లే దిగిపోయింది. కింద ఊరగాయల కొట్టు ఆవిడ ‘‘అప్పుడే భోజనానికా?’’ అని అడగడం పైకి వినిపించింది.

మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ నిషివాకి వచ్చాడు. ఇరవై మూడో స్టేజీ గోడలకు గుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆపమని కుజె అనలేదు, ఆడమనీ అనలేదు. ఒకసారి మాత్రం అన్నాడు, స్క్రీన్ వైపు చూస్తూనే.

‘‘లాగ్‌లో ఉంది నిషివాకి గారూ. బటన్ ఆలస్యంగా పడిందని అక్షరాలా ఉంది. నేనే చూశాను. మూడు వారాలు చూశాను.’’

‘‘నేను సమయానికే నొక్కానన్నాను కదా.’’

‘‘అన్నారు.’’

‘‘అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.’’

‘‘అదే చెబుతున్నాను. మీరనుకున్నారు, నేను నమ్మాను. యంత్రం ఒక్కటే నిజం చెప్పింది. దాన్నే మార్చాను.’’

నాలుగో రోజు ఒరిత వచ్చింది. చేతిలో గడుల నోటుపుస్తకాల కట్ట, మొదట గీసిన కొలతలవి. మూడు రోజులూ ఇంట్లో కూర్చుని పాత లాగ్‌లన్నీ చూసిందట. దూకుడు బటన్ మీద నిషివాకి బొటనవేలు ఎంతసేపు ఉండిపోయిందో నెలవారీగా ఒక కాగితం మీద వేసుకొచ్చింది. మొదటి ఏడాది ఆరు ఫ్రేములు. మూడో ఏడు అక్టోబరులో తొమ్మిది. జనవరిలో పన్నెండు. మేలో పదహారు. గేమ్ విడుదలైన నవంబరులో ఇరవై ఒకటి.

‘‘అక్టోబరునుంచి మే దాకా నీకు తెలీదు’’ అంది. ‘‘ఆ ఏడు నెలలూ వదిలేశా. మే తర్వాతవి ఆరు నెలలు. అవి వదల్లేదు. వదులుతానో లేదో కూడా చెప్పలేను. ఇప్పుడు అడగొద్దు.’’

‘‘అడగను.’’

‘‘కుజె, ఆ వెసులుబాటు తీసెయ్. అన్ని సందులూ మళ్లీ వేస్తున్నా. పెట్టెలవాళ్లను ఏప్రిల్ దాకా ఆగమన్నా.’’

కొలవడానికి బయటివాళ్లను పెట్టారు. శనివారాలు ముగ్గురు వచ్చేవారు. ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సు, కాలేజీ చదువుతున్న ఒకమ్మాయి, ముగ్గురూ ఇలాంటి గేముల్లో చెయ్యి తిరిగినవాళ్లే. ముగ్గురి చావులూ విడివిడిగా వేసి మధ్యస్తంగా తీసుకున్నారు. కుజెకు మాత్రం పాత అలవాటు వెంటనే పోలేదు. జనవరిలో ఒకరోజు ఇరవై ఆరో స్టేజీ గురించి నర్సుతో మాట్లాడుతూ ‘‘ఇది ఎన్ని నిషి...’’ అని ఆగిపోయాడు. నర్సుకు అర్థం కాలేదు. ఒరిత పెన్సిలు చెక్కుతోంది, తలెత్తలేదు. నిషివాకి తన బల్ల దగ్గర గోడల పని చేసుకుంటున్నాడు. గోడలకు ఎడమచెయ్యి చాలు. ‘‘ముప్పై ఒకటి’’ అంది నర్సు. ‘‘ముప్పై ఒక్క చావులు’’ అని రాసుకున్నాడు కుజె. గోడమీది పాత కాగితాన్ని ఆ వారమే ఎవరో తీసేశారు.

ఇంట్లో సుమియె తమ్ముడి గడ్డం తనే గీయడం మొదలుపెట్టింది. పొద్దున దుకాణం తెరిచే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు తువ్వాలు చుట్టేది.

‘‘బోణీ బేరం ఉచితమైతే రోజంతా అలాగే ఉంటుంది’’ అనేది.

‘‘అయితే డబ్బులిస్తాను.’’

‘‘ఇవ్వు. మాట్లాడకు, కోసుకుంటుంది. ఆ పిల్ల మాట్లాడుతోందా నీతో?’’

‘‘పని గురించి మాట్లాడుతుంది.’’

‘‘నువ్వు చేసిందానికి అదే ఎక్కువ’’ అనేసి కత్తి నూరేది. ఆవిడ ఎప్పుడూ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చే మనిషి కాదు.

ఫిబ్రవరి ఆఖరు వారంలో ముప్పై రెండో స్టేజీ మళ్లీ మొదటి కొలతలతో తయారైంది. ఒక మధ్యాహ్నం ఒరిత, కుజె భోజనానికి వెళ్లారు. నిషివాకి వెళ్లలేదు. కంట్రోలర్ తీసుకుని ముప్పై రెండు తెరిచాడు. మాత్ర వేసుకుని గంటయింది. చెయ్యి ఆ వేళకు కాస్త తేలిగ్గా ఉంటుంది, అందుకని ఆ సమయం చూసుకున్నాడు.

బకెట్టు నెత్తిన పెట్టుకున్న పిల్ల పరుగు తీసింది. మొదటి సందు దగ్గర బొటనవేలు నొక్కమన్నాడు. అది నొక్కింది. అప్పటికి పిల్ల సందులో ఉంది. మళ్లీ. మళ్లీ. కాసేపటికి అంచుకు ముందే, తన వేలి ఆలస్యాన్ని కలుపుకుని నొక్కి చూశాడు. ఒకసారి అందింది. రెండోసారి వేలు ముందే పడింది. ఆలస్యం కూడా నిలకడగా ఉండటం లేదు. ఉంటే దాంతో సర్దుకునేవాడు. నలభై నిమిషాలు ఆడాడు. రెండో కప్పు దాటి మూడోదాని దాకా రెండుసార్లు వెళ్లాడు. పొగగొట్టం పైన కనబడుతుంది, స్క్రీన్ కుడి మూలన.

ఒరిత ఎప్పుడు వచ్చిందో గమనించలేదు. వెనక గుమ్మం దగ్గర, బూట్లు విప్పిన చోటే నిలబడి చూస్తోంది. ఎంతసేపు నిలబడిందో ఆమె తర్వాత కుజెకు చెప్పలేదు. నిషివాకి కంట్రోలర్ బల్లమీద పెట్టి, కుడిచేతిని ఎడమచేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ తెరిచాడు.

‘‘ఎక్కడైనా తగ్గించాలా?’’ అంది ఆమె.

‘‘ఎక్కడా వద్దు.’’

‘‘మూడో కప్పు దగ్గర నాకు కొంచెం అనుమానంగా ఉంది.’’

‘‘అక్కడ అందుతుంది. అందకపోతే వాళ్ల చెయ్యి జారింది’’ అన్నాడు నిషివాకి. ‘‘నువ్వు ముట్టుకోకు.’’

ఆమె వచ్చి తన బల్ల దగ్గర కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. కాసేపయ్యాక, తల తిప్పకుండానే, ‘‘కింద ఆవిడ నీకోసం ముల్లంగి ఇచ్చింది బాబాయ్. సంచిలో ఉంది’’ అంది. డిసెంబరు తర్వాత ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదలు. మళ్లీ పిలిచిందో లేదో తెలియదు.

దిద్దిన గేమ్ మార్చి పద్దెనిమిదిన బయటికొచ్చింది. ఒరిత మాటిచ్చిన ప్రకారం ఏప్రిల్ ఒకటిన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. నిషివాకి వారానికి మూడు రోజులు గోడల పనికి వస్తున్నాడు, మిగతా రెండు రోజులు ఆస్పత్రిలో చేతికి వ్యాయామాలు. గేమ్ కొన్నవాళ్లు పదకొండు వేల చిల్లర. మార్చి నెలాఖరుకు ముప్పై రెండో పొయ్యి వెలిగించినవాళ్లు నలభై ముగ్గురు.